తలకి ఎంత పడుతుంది?

సంపాదకులకు నమస్కారం.

ఏటా వానలు పడగానే మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వస్తుంది. ఒక కర్ర, కర్రకి కట్టిన దుప్పటి, దుప్పటిలో నెలలు నిండిన ఆడమనిషి, భుజాలు మార్చుకుంటూ మోసుకెళ్తున్న మగవాళ్లు, వెనకాల చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్న అత్తగారు. కింద డోలీ కష్టాలు తీరేదెన్నడు అని శీర్షిక. ఈ ఏడు కూడా వేశారు. ఆ ఫొటో వచ్చిన రోజు మాకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి, ఇన్ని ఫౌండేషన్లు ఉన్నాయి కదా, గ్రాంట్లకి అప్లై చేయొచ్చు కదా అంటారు. చేస్తూనే ఉన్నామండీ, తొమ్మిదేళ్లుగా అదే పని. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి గానీ దరఖాస్తు ఫారంలోని ఒక గడి గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి, నా గోలంతా దాని గురించే.

మాది పాడేరుకి అవతల ఉన్న చిన్న సంస్థ. జీతం తీసుకునేవాళ్లం ఆరుగురం, అందులో నలుగురు కొండ ఊళ్ల అమ్మాయిలే. పని కూడా గొప్పగా చెప్పుకునేదేం కాదు. గర్భిణుల లెక్క రాసుకుని, నొప్పులు రాకముందే, పది పదిహేను రోజుల ముందుగా రోడ్డున్న ఊరికి దింపడం, జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించడం, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లలు మందులు మానకుండా చూడటం, ఆధార్ లేనివాళ్లకి ఆధార్ తీయించడం (అది లేకపోతే పెద్దాసుపత్రిలో ఉచిత వైద్యం కౌంటరు దగ్గరే బండి ఆగిపోతుంది), డాక్టరు చెప్పింది వాళ్ల భాషలో చెప్పడం. ఫౌండేషన్ల భాషలో దీన్ని హెల్త్ ఈక్విటీ, అంటే ఆరోగ్యంలో సమానత్వం, అంటారు. మొదటిసారి ఆ మాట ప్రపోజల్‌లో చూసి మా ఆడిటర్ గారు, ఈక్విటీ అంటే వాటాలనుకుని, మన సంస్థలో షేర్లు ఎవరు కొంటున్నారండీ అని కంగారుపడ్డారు.

ఫౌండేషన్ అంటే అందరూ ఒకటే అనుకుంటారు గానీ ప్రధానంగా రెండు రకాలు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, టాటా ట్రస్టులు లాంటివి దాతలు రాసిచ్చిన వాటాల మీద వచ్చే రాబడితో నడుస్తాయి, సీఎస్‌ఆర్ (కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) లెక్కలు వాటికి అడ్డం రావు. రెండో రకం కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బుతో నడిచేవి, మాలాంటివాళ్లకి ఎక్కువగా తగిలేవి ఇవే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 5 కోట్ల నికర లాభం గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 500 కోట్ల నెట్‌వర్త్ గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో ఆకలి, పోషకాహార లోపం, ఆరోగ్యం, తాగునీరు అన్నీ ఉన్నాయి. అంటే మా కొండ ఊళ్ల అవసరాలు వరసపెట్టి రాసినట్టే.

ఇక కాగితాలు. సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్, పన్ను మినహాయింపుకి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, స్వచ్ఛంద సంస్థల కేంద్ర పోర్టల్లో నమోదైతే వచ్చే దర్పణ్ ఐడీ, 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోడానికి సీఎస్‌ఆర్-1 నంబరు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, మూడేళ్ల అనుభవం ఉన్నట్టు రుజువు. చాలామంది చిన్న సంస్థలవాళ్లు వీటి గురించే తిట్టుకుంటారు, నాకు మాత్రం పేచీ లేదు. పరాయి సొమ్ము ముట్టుకునేవాడు లెక్క చూపించాల్సిందే. ఒకసారి 12ఏ పునరుద్ధరణ గడువు మేమే దాటించుకుని ఒక ఏడాదంతా పోగొట్టుకున్నాం, ఆ తప్పు మాదే.

నా పేచీ ఫారంలో ఏడో పేజీలోనో ఎనిమిదో పేజీలోనో ఉండే ఒక గడితో. "ఒక్కో లబ్ధిదారుకు అయ్యే ఖర్చు" అని ఉంటుంది. మా అమ్మాయిలు దాన్ని "తలకి ఎంత" అంటారు.

లెక్క చూడండి. నర్సు జీతం విశాఖలో అయినా మా దగ్గరైనా ఒకటే అనుకుందాం. విశాఖలో ఏదో కాలనీ కమ్యూనిటీ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే సాయంత్రానికి 200 మందికి బీపీ, షుగరు చూసేయొచ్చు. మా నర్సు పొద్దున ఆరింటికి జీపెక్కి, తారు అయిపోయిన చోట దిగి, రెండు గంటలు కొండెక్కి, గెడ్డ దాటి, 22 ఇళ్ల ఊరు చేరేసరికి సగం మంది పోడుకో సంతకో వెళ్లిపోయి ఉంటారు. ఉన్నవాళ్లని చూసి, పోడు నుంచి వచ్చేవాళ్ల కోసం ఆగి, చీకటి పడకముందే దిగిపోవాలి. ఎంత తిరిగినా 30 మంది. అదే జీతాన్ని 200తో భాగిస్తే ఒక అంకె, 30తో భాగిస్తే ఒక అంకె, పైన జీపు అద్దె. వానాకాలంలో గెడ్డ పొంగి సగం దారిలో వెనక్కొచ్చిన రోజుని దేనితో భాగించాలో నాకిప్పటికీ తెలియదు, సున్నాతో భాగించకూడదని బళ్లో చెప్పారు.

ఆ అంకెలన్నీ ఎక్కడో బెంగళూరులోనో ముంబైలోనో ఒక ఎక్సెల్ షీట్లో పడతాయి. అక్కడ కూర్చున్న కుర్రాడు ఆ కాలమ్‌ని చిన్న నుంచి పెద్దకి సార్ట్ చేస్తాడు. మేం అడుగున తేలతాం. అతనికి చెప్పిన పని అతను చేశాడు, అతన్నేమీ అనను. కానీ అదే ఫారం మొదటి పేజీలో, ఎవరికీ పట్టని మారుమూల జనానికి వైద్యం అందించడమే మా లక్ష్యం అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. మొదటి పేజీ రాసినవాళ్లూ ఏడో పేజీ రాసినవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టు లేదు. మారుమూల అంటేనే తలకి ఎక్కువ పడే చోటు కదండీ. తక్కువ పడే చోటైతే ఎవడో ఒకడు ఈపాటికి క్లినిక్ పెట్టేసేవాడు.

ఈ విషయంలో సర్కారే నయం, ఈ మాట నేను రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. మైదానంలో 30,000 జనాభాకి ఒక పీహెచ్‌సీ అయితే గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000కే ఒకటి ఉండాలని ప్రమాణం. సబ్‌సెంటర్ అక్కడ 5,000కి, ఇక్కడ 3,000కి. ఆశా కార్యకర్త మామూలుగా వెయ్యి మందికి ఒకరు, కొండల్లో అవసరాన్ని బట్టి ఆవాసానికి ఒకరిని పెట్టుకోవచ్చు. గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేయాలంటే మైదానపు ఊరికి 500 జనాభా ఉండాలి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 250 చాలన్నారు, 2023లో వచ్చిన పీఎం జన్‌మన్‌లో ఆదిమ తెగల ఆవాసాలకి దాన్ని 100కి దించారు. అవన్నీ ఊళ్లలో నిజంగా కనిపిస్తున్నాయా అంటే అది వేరే ఉత్తరం. కనీసం కాగితం మీదైనా, కొండ మీద తలకి ఎక్కువ పడుతుందని ప్రభుత్వం ఒప్పుకుంది. ఫౌండేషన్ ఫారం ఆ మాత్రం కూడా ఒప్పుకోదు.

రెండో చిక్కు "లోకల్ ఏరియా". చట్టంలో, కంపెనీ తాను పనిచేసే చోటుకీ చుట్టుపక్కలకీ ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. ఫ్యాక్టరీ పొగ పీల్చే ఊరికి ముందు ఖర్చు పెట్టమనడంలో న్యాయం ఉంది, కాదనను. కానీ మా కొండల్లో ఫ్యాక్టరీలేవి? కంపెనీలన్నీ సముద్రం ఒడ్డున. మాకు ఒక కంపెనీ రెండేళ్లు కొద్దిగా సాయం చేసింది, పాత విశాఖ జిల్లా అంతా వాళ్ల లెక్కలో లోకల్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టి మాది అల్లూరి సీతారామరాజు జిల్లా చేశారు. ఆ తర్వాత రెన్యువల్‌కి వెళ్తే, సారీ అండీ, మీరు ఇప్పుడు వేరే జిల్లా, మా పాలసీలో రారు అన్నారు. కొండ కదల్లేదు, గెడ్డ కదల్లేదు, మా ఆఫీసు గుమ్మం కూడా కదల్లేదు, మేం మాత్రం నాన్‌లోకల్ అయిపోయాం. లోకల్ ఏరియా మాట సూచన మాత్రమే, తప్పనిసరి కాదు, జాతీయ అవసరాలు కూడా చూసుకోండి అని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులోనే సర్క్యులర్ ఇచ్చింది. దాన్ని ప్రింటు తీసి పట్టుకెళ్లాను. మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించారు.

మూడోది కాలం. ఫిబ్రవరి దాటాక కొన్ని ఫోన్లు వస్తాయి, ఈ లైన్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఫోన్లే. మార్చి 31 లోపు ఇంత ఖర్చు పెట్టి యూసీ (ఖర్చు పెట్టినట్టు ధ్రువపత్రం) ఇవ్వగలరా అని అడుగుతారు. మూడు వారాల్లో ఏం చేయగలం? క్యాంపు పెడతాం, బ్యానర్ కడతాం, కళ్లజోళ్లు పంచుతాం, ఫొటో తీస్తాం. జూన్ నుంచి అక్టోబరు దాకా మలేరియా, విరేచనాలు, డోలీలు. అప్పుడు జీపులో డీజిల్‌కి అప్పు చేస్తాం. ఒక్క ఏడాదికే ఇవ్వాలని చట్టం అంటోందేమో అనుకునేవాణ్ని మొదట్లో. అలా ఏం లేదు. కొనసాగే ప్రాజెక్టు అని బోర్డు తీర్మానిస్తే, మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు నడపొచ్చు, ఆ ఏడు మిగిలిన డబ్బుని ఏప్రిల్ నెలాఖరులోపు విడిగా ఒక ఖాతాలో వేసుకుని వాడుకోవచ్చు. దారి ఉంది, నడిచేవాళ్లే తక్కువ.

జీతాల గొడవ ఇంకో రకం. వస్తువులు అడిగితే మొహం వెలుగుతుంది, మనిషి జీతం అడిగితే మాడిపోతుంది. వాహనం ఇస్తారు (పక్కన లోగో పెద్దగా), డ్రైవరు జీతం అడిగితే అది రికరింగ్ ఖర్చు అంటారు. మా ప్రాంతంలోనే ఒకచోట అలా వచ్చిన బండి టార్పాలిన్ కింద నిద్రపోతోంది. మా పనంతా మనుషుల కాళ్ల మీదే నడుస్తుంది, ఆ కాళ్లకి డబ్బు ఇవ్వమంటే "అడ్మిన్ ఓవర్‌హెడ్స్ 5 శాతం దాటకూడదు, రూల్" అంటారు. ఆ రూల్ నేను చదివాను. 5 శాతం అన్నది కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోడానికి పెట్టుకునే ఖర్చుకి పరిమితి. ప్రాజెక్టు అమలుకి నేరుగా పెట్టే ఖర్చు అందులోకి రాదు. వాళ్ల చొక్కా కొలత తీసి మాకు కుట్టిస్తున్నారు.

విదేశీ నిధులు చూసుకోవచ్చు కదా అంటారు మరికొందరు. విదేశీ విరాళాలు తీసుకోవాలంటే కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మా స్థాయి సంస్థకి రావడం కష్టం. ఒకప్పుడు రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మాలాంటి చిన్నవాళ్లకి కొంత పంచేది, మాకూ అలా ఒక మూడేళ్లు నడిచింది. 2020 సెప్టెంబరు సవరణతో వచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చేయడం పూర్తిగా ఆపేశారు, పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దించారు. ఆ దారి అలా మూసుకుపోయింది. మీ పత్రికని అమెరికాలో, గల్ఫ్‌లో చదివే మనవాళ్లకి ఒక్క మాట: భారత పాస్‌పోర్టు మీదే ఉన్న ఎన్నారై బ్యాంకు ద్వారా పంపే సొంత డబ్బు విదేశీ విరాళం కిందకి రాదు, మాలాంటివాళ్లం నిశ్చింతగా తీసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే మాత్రం అది విదేశీ విరాళమే. ప్రేమతో పంపిన డబ్బుని వెనక్కి పంపాల్సి రావడం ఎంత ఇబ్బందో ఒకసారి అనుభవించాం. ముందు అడిగి పంపండి.

భాష గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. మా అమ్మాయిల్లో ఇద్దరు ఇంట్లో కువి మాట్లాడతారు, ఇద్దరు ఆదివాసీ ఒడియా, పుస్తకంలో తెలుగు రాస్తారు, ఫారం ఇంగ్లీషు. పని తెలిసినవాళ్లకి ఫారం రాదు, ఫారం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే, నాకు కొండెక్కితే ఆయాసం. విశాఖలో ప్రపోజల్ రాసిపెట్టే కన్సల్టెంట్లు ఉన్నారు, వచ్చిన దాంట్లో శాతం అడుగుతారు. ఒకాయన మా కోసం రాసిన ప్రపోజల్ చదివితే అది ఏ దేశం గురించో నాకే అర్థం కాలేదు, ఊరి పేరు మార్చి ఎక్కడికైనా పంపొచ్చు.

అందరూ ఒకేలా లేరు, అది కూడా రాయాలి. నాలుగేళ్ల కిందట ఒక ఫౌండేషన్ నుంచి ప్రోగ్రాం ఆఫీసర్ అని ఒక అమ్మాయి వచ్చింది. ఆగస్టు. మేం జీపు వెళ్లే ఊరు చూపించి పంపించేద్దామనుకున్నాం, మామూలుగా అదే చేస్తాం, వచ్చినవాళ్లకి కూడా అదే ఇష్టం. ఆమె డోలీ ఏ దారిన వస్తుందో ఆ దారి చూపించండి అంది. బూట్లు తడిసిపోయి, జలగలు పట్టి, మధ్యలో ఒకసారి జారిపడి, ఆ 22 ఇళ్ల ఊరికి మాతో పాటు ఎక్కింది. అక్కడ ఒక ముసలమ్మ చోడి అంబలి ఇచ్చి, ఎందుకొచ్చావు తల్లీ ఇంత దూరం అని అడిగింది. ఆమె దగ్గర జవాబు లేదు, నవ్వింది. దిగేటప్పుడు నన్ను అడిగింది, మీ ప్రపోజల్లో తలకి ఖర్చు ఇంత ఎక్కువ ఉందేంటని మా ఆఫీసులో అందరూ అన్నారు, ఈ నడక గురించి అందులో ఎందుకు రాయలేదు అని. నిజమే, రాయలేదు. గొప్పలు రాశాను, నడక రాయలేదు. ఆ రాత్రి పాడేరు లాడ్జిలో కూర్చుని ఇద్దరం బడ్జెట్ నోట్ తిరగరాశాం. ఆ గ్రాంటు వచ్చింది, మూడేళ్లు నడిచింది, అందులో జీతాలూ డీజిలూ ఉన్నాయి. ఆమె ఉద్యోగం మారిపోయింది. కొత్తగా వచ్చినాయన వీడియో కాల్‌లో చూస్తానన్నారు, మా ఊళ్లో సిగ్నల్ ఉన్నది చింతచెట్టు కింద ఒక్కచోటే.

మాలాంటి చిన్న సంస్థలవాళ్లు ఇది చదువుతుంటే, నేను దెబ్బ తిని నేర్చుకున్నవి రెండు మూడు చెప్తాను. తలకి ఎంత అన్న గడిని తగ్గించి రాయకండి, తర్వాత మీ దగ్గర పనిచేసే పిల్లల జీతాల్లోంచే కోత పడుతుంది. ఉన్న అంకె రాసి, కింద ఎందుకు ఎక్కువో రాయండి, పైన చెప్పిన 20,000, 3,000 లెక్కలు అక్కడ పెట్టండి, ప్రభుత్వమే ఒప్పుకున్నదాన్ని కాదనడానికి వాళ్లకి కాస్త మొహమాటం ఉంటుంది. దరఖాస్తు నింపకముందే ఫోన్ చేసి, మా జిల్లా మీ పరిధిలో ఉందా, జీతాలకి ఇస్తారా అని అడిగేయండి, 40 పేజీలు రాసి తెలుసుకోవడం కన్నా నయం. చేయని పని చేస్తామని రాయకండి. ఒకసారి వాళ్ల ఫారంలో ఉంది కదా అని "డిజిటల్ హెల్త్" అని రాసి నాలుగు ట్యాబ్ కంప్యూటర్లు తెచ్చుకున్నాం, ఛార్జింగ్ పెట్టుకోడానికి కరెంటు ఉన్న ఊరికి వాటినే మోసుకెళ్లేవాళ్లం.

ఫౌండేషన్లవాళ్లు ఎవరైనా చదువుతుంటే నేనడిగేది పెద్దదేం కాదు. ఆ గడి తీసేయమనను, పక్కనే ఇంకో గడి పెట్టండి: మీరు వెళ్లకపోతే ఈ మనుషులకి దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎంతసేపటి నడక? రెండు గడులూ పక్కపక్కన చూసి అప్పుడు సార్ట్ చేయండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని ఒక వాక్యం రాయండి, ఆరు నెలలు మెయిల్ చూసుకుంటూ కూర్చునే టెన్షన్ తప్పుతుంది. ఒక పేజీ తెలుగులో రాయనివ్వండి, మీ బోర్డులో తెలుగు చదివేవాళ్లు ఒకరైనా దొరకరా? మీరు కూడా, సంపాదకులు గారూ, వచ్చే ఏడు ఆ డోలీ ఫొటో వేసేటప్పుడు, ఆ దారి ఎన్ని కిలోమీటర్లో, ఆ ఊళ్లో ఎంతమందో కింద వేయండి, మాకు ప్రపోజల్‌కి జత చేయడానికి పనికొస్తుంది. కటింగ్ పెడితే కాస్త నమ్ముతారు.

ఈ నెలలో ఇంకో ఫారం నింపాను. ఆ గడిలో నిజం అంకె వేసి, పక్కన కారణం తెలుగులోనే రాసి అప్‌లోడ్ చేశాను, ఏమవుతుందో చూద్దామని. వాళ్ల సైటు నుంచి తిరిగొచ్చిన పీడీఎఫ్‌లో నా అంకె చక్కగా ఉంది. తెలుగు రాసిన చోట మాత్రం వరసగా ప్రశ్న గుర్తులు పడ్డాయి, ఒక 60 దాకా లెక్కపెట్టాను.

ఇట్లు,
ఒక చిన్న సంస్థ కార్యదర్శి,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా

(పేరు వేయకండి. వచ్చే ఏడు దరఖాస్తు మళ్లీ వాళ్లకే పెట్టాలి.)